మామిడి కొమ్మలు, ఆకులతో మంచి వంటచెరుకు చేయొచ్చా?
చిత్తూరు దగ్గర మా తోటలో కాయలు కోసినాక కొట్టేసిన కొమ్మలు, ఆకులు పొయ్యిలోకి పనికొస్తాయా అని అడిగారు కదా, వస్తాయండి, దయచేసి తోటలోనే తగలబెట్టొద్దు. పచ్చికొమ్మలో దాదాపు సగం నీళ్ళే, అవి ఆవిరయ్యేదానికే వేడంతా పోతాది, అందుకే అంత పొగ. బాగా ఎండబెట్టి, గాలి చొరబడని డ్రమ్ములో పెట్టి బయట మంటేసి 200 నుంచి 300 డిగ్రీల్లో వేయిస్తే బరువు సుమారు 30 శాతం తగ్గినా మండే శక్తి 90 శాతం దాకా నిలుస్తాది, దీన్నే టారిఫాక్షన్ అంటారు. కాఫీ గింజల మాదిరి ముదురు రంగుకి తిరిగి, చేత్తో వంచితే పుటుక్కున విరుగుతాది, వానకి నీళ్ళు కూడా పెద్దగా పీల్చదు. ఆకులైతే బొగ్గు చేసి, పొడికొట్టి గంజితో ఉండలు కట్టి ఎండబెట్టండి. డ్రమ్ముకి ఆవిరి పోయే రంధ్రం మాత్రం తప్పకుండా ఉంచండి, లేకపోతే పేలిపోతాది.