ప్రచ్ఛన్న యుద్ధానికి ఎవరు కారణం: అమెరికానా, సోవియట్ యూనియనా?

ఇద్దరికీ వాటా ఉంది. పెద్ద వాటా మాత్రం స్టాలిన్‌దే అంటాను. నాన్న పార్టీ మనిషి, మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు ఈ మాట తేలిగ్గా రాదు.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేటప్పుడు పిల్లల చేత రెండు టెలిగ్రాములు పక్కపక్కన పెట్టి చదివించేదాన్ని. 1946 ఫిబ్రవరిలో మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త కెన్నన్ వాషింగ్టన్‌కు పంపింది ఒకటి, సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి సోవియట్ రాయబారి నొవికోవ్ మాస్కోకు పంపింది ఇంకొకటి. ఎదుటివాడే విస్తరణకు దిగాడని రెండూ చెబుతాయి. అంతటితో "ఇద్దరూ ఇద్దరే" అని పిల్లలు తేల్చేసేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు.

సోవియట్ భయం ఉత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ మనుషులు దాదాపు 2 కోట్ల 70 లక్షల మంది పోయారు. జర్మనీ లొంగిన కొద్ది రోజులకే, 1945 మేలో, అమెరికా లెండ్-లీజ్ సాయానికి (యుద్ధకాలంలో మిత్రదేశాలకు పంపిన ఆయుధాలు, సరుకులు) కోత పెట్టింది. గ్రీస్‌ను బ్రిటన్‌కు వదిలేస్తానని 1944లోనే చర్చిల్‌తో ఒప్పుకున్న స్టాలిన్ ఆ మాట చాలావరకు నిలుపుకున్నాడు. అంతర్యుద్ధంలో పోరాడుతున్న అక్కడి కమ్యూనిస్టులకు సాయం ఎక్కువగా యుగోస్లావియా నేత టిటో నుంచే వెళ్ళింది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1947 మార్చిలో గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడుగుతూ, దాన్ని ప్రపంచమంతటి పోరాటంగా చూపించాడు. అది అమెరికా వాటా.

కానీ సరిహద్దు భద్రతే కావాలంటే ఫిన్లాండ్ దారి ఉంది కదా! మాస్కోతో ఒప్పందం చేసుకుంది, తన ఎన్నికలు తాను జరుపుకుంది. పోలండ్‌కు ఆ అవకాశం ఇవ్వలేదు. స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని 1945లో మిత్రదేశాల యాల్టా సమావేశంలో మాటిచ్చి, 1947 జనవరిలో రిగ్గింగు చేయించారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చెకోస్లొవేకియా. 1946లో నిజాయితీగా జరిగిన ఎన్నికల్లో అక్కడి కమ్యూనిస్టులు 38 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. బలవంతం చేయకుండానే జనం వాళ్ళను నమ్మారు. 1947 జులైలో ఆ ప్రభుత్వం మార్షల్ ప్లాన్ (యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌కు అమెరికా సాయం) చర్చలకు వెళ్ళడానికి సిద్ధపడితే, స్టాలిన్ వాళ్ళను మాస్కో రప్పించి మాన్పించాడు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారమంతా చేజిక్కించుకున్నారు. అప్పటిదాకా మార్షల్ ప్లాన్ ఖర్చు గురించి వాదులాడుకుంటున్న అమెరికా కాంగ్రెస్ ఏప్రిల్ మొదట్లోనే దానికి ఆమోదం ఇచ్చింది. మరుసటి ఏప్రిల్‌కి అమెరికా వైపు దేశాల సైనిక కూటమి నాటో ఏర్పడింది.