ఫ్యాన్‌కు ఏ మోటారు మేలు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి వ్రాయునది.

విశాఖ పెదవాల్తేరులో కడుతున్న ఇంటికీ, కింది అంతస్తులో పెట్టబోయే టిఫిన్ హోటలుకూ ఫ్యాన్లన్నీ ఒకే రకం, ఒకే దుకాణంలో తీసుకుంటే బేరం కలిసొస్తుందని నువ్వు అనుకుంటున్నట్టు అక్క చెప్పింది. బేరం మాట ఎలా ఉన్నా, మోటారు విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఫ్యాను రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుంది, దాని చుట్టూ ఎలాంటి గాలి ఉంటుంది, అది ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు అన్న మూడు సంగతులు చూసి, ఒక్కో చోటుకు తగిన మోటారును ఎంచుకోవాలి.

ముందుగా పడకగదులు, హాలు. ఇన్నాళ్లూ మన ఇళ్లలో తిరిగిన సీలింగ్ ఫ్యాన్లలో ఉన్నది కెపాసిటర్‌తో, అంటే మనం కండెన్సర్ అనే దానితో, నడిచే సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. అది దాదాపు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేకుండా ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే డీసీ మోటారు ఉన్న ఫ్యాను, రోటారులో, అంటే తిరిగే భాగంలో, శాశ్వత అయస్కాంతాలు ఉండటం వల్ల, ఇంచుమించు అంతే గాలిని 30 వాట్లకు అటూఇటూగా ఇస్తుంది. మన ఉక్కపోతకు ఒక్కో ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరుగుతుందనుకుంటే, నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత కరెంటు లేని రోజులు నువ్వూ చూశావు. ఇన్వర్టర్ మీద మూడు పాత ఫ్యాన్లు తిరిగితే 225 వాట్లు, బీఎల్‌డీసీవైతే 90. ఆ బ్యాటరీయే రెండింతలకు పైగా వస్తుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా తేడా తెలుస్తుంది: ఇండక్షన్ మోటారు టార్క్, అంటే తిప్పే బలం, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది కాబట్టి, 230 నుంచి 180కి దిగితే అది 60 శాతం దగ్గరకు వచ్చి రెక్కలు నీరసపడతాయి. మంచి బీఎల్‌డీసీ ఫ్యాను మాత్రం వేగం తగ్గకుండా తిరుగుతుంది. అందుచేత గదులకు బీఎల్‌డీసీయే తీసుకో. పాత రెగ్యులేటర్‌ను మాత్రం దాని లైనులో ఉంచవద్దు, నేరుగా స్విచ్చికి కలిపించు. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కనుక, నక్షత్రాలతో పాటు ఒక్కో వాటుకు ఎంత గాలి ఇస్తుందో తెలిపే సర్వీస్ వాల్యూ అంకెను కూడా చూసి కొను.

సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీకి మాత్రం నేను ఇండక్షన్ మోటారునే కోరతాను. ఉప్పుగాలి తగిలే చోట కొంతకాలానికి ఫ్యాను పై కప్పు దించి చూస్తే, కనెక్టర్‌లోని రాగి తీగల మొనలకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. తీగనైతే గీకి మళ్లీ బిగించవచ్చు, అదే చిలుము బీఎల్‌డీసీ ఫ్యానులోని ఎలక్ట్రానిక్ బోర్డుకు పడితే బోర్డే మార్చాలి. ఇండక్షన్ ఫ్యానులో తరచుగా పోయేది కండెన్సర్ ఒక్కటే. స్విచ్చి వేస్తే మూలుగుతూ కదలకుండా ఉండి, కర్రతో రెక్కను తోస్తే తోసిన వైపుకే తిరగడం మొదలుపెట్టిందంటే, సాధారణంగా తప్పు కండెన్సర్‌దే. చాలా ఫ్యాన్లలో ఉండేది 2.5 మైక్రోఫారడ్‌ది, వీధి చివరి ఎలక్ట్రికల్ దుకాణంలోనే దొరుకుతుంది. రాగి వైండింగ్ ఉన్నదే తీసుకో, అల్యూమినియం వైండింగ్ చవక అన్నా ఒప్పుకోవద్దు.

స్నానాల గదుల ఎగ్జాస్ట్ గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. వాటిలో ఉండే షేడెడ్ పోల్ అనే చిన్న రకం మోటారు కరెంటును వృథా చేసేదే, కానీ తిరిగేది కొద్ది నిమిషాలే.

నీ డబ్బు, శ్రద్ధ ఎక్కువగా పెట్టవలసింది హోటలు వంటగదికి. పెనాల మీది నూనె పొగ, ఇడ్లీ ఆవిరి నిత్యం తగిలే చోట బోర్డు ఉన్న మోటారు వద్దు, గాలి రంధ్రాలు తెరిచి ఉన్న మోటారు అసలే వద్దు. పూర్తిగా మూసిన ఒంటితో, ఎఫ్ క్లాసు, అంటే 155 డిగ్రీల వేడిని తట్టుకునే ఇన్సులేషన్‌తో వచ్చే ఇండక్షన్ మోటారు తీసుకుని, అది పొగ దారిలో కాకుండా గొట్టం బయట ఉండే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌ను, అంటే డొప్పలో చక్రం తిరిగి గాలిని తోసేదాన్ని, పెట్టించు. గ్రైండర్ల కోసం ఎలాగూ త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకుంటున్నావు కనుక, దీన్ని కూడా త్రీ ఫేజ్‌లోనే కొను. దానికి కండెన్సరూ ఉండదు, తొందరగా చెడే భాగాలూ తక్కువ. అవసరానికి మించిన బ్లోయర్‌ను అంటగడతారేమో చూసుకో. ఫ్యాను లాగే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం అయిదో వంతు తగ్గితే ఖర్చయ్యే శక్తి దాదాపు సగమవుతుంది; సరైన వేగానికి అమర్చుకున్న బ్లోయర్ ప్రతి నెలా బిల్లులో కనిపిస్తుంది.

బిగించిన రోజున నువ్వు దగ్గర ఉండు. రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, అయినా ఈ రకం బ్లోయర్ గాలిని అదే వైపుకు, నీరసంగా తోస్తూనే ఉంటుంది కనుక ఎవరూ గమనించరు. డొప్ప మీది బాణం గుర్తుతో సరిచూసుకున్న తరువాతే పనివాళ్లకు డబ్బులివ్వు.

ఇట్లు,
మీ మావయ్య