వాగులు చూసి దారి ఎంచుకోండి

బిడ్డా,

అప్పటికప్పుడు అనుకొని, కాగితం మ్యాపుతోనే ఏటూరునాగారం దిక్కు పోతమంటున్నరు. పోండి. ఎక్కడ ఆగాలె, ఎటు మలగాలె అన్నది దారిలో అనుకోవచ్చు. వాగుల సంగతి, వెనక్కి తిరిగే వేళ మాత్రం ఇంట్లనే తేల్చుకోవాలె.

మొత్తం దారికి 1:2,50,000 మ్యాపు చాలు, అందులో సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. ములుగు దాటినంక అడవి భాగానికి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు పెట్టుకో. అచ్చయిన సంవత్సరం ముందే చూడు. పాతదైతే 163 నంబరు హైవే 202 అని ఉంటది, 2019లో ఏర్పడ్డ ములుగు జిల్లా ఉండదు, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన కూడా ఉండదు. ఊళ్లు, గుట్టలు, వాగులు మాత్రం పాతదాంట్ల చూసినా నమ్మొచ్చు.

ఆ షీట్లలో ఏడాదంతా నీళ్లుండే వాగులు నీలంగా, ఎండిపోయేవి నల్లగా ఉంటయి. నల్లగీతే కదా అని వదిలెయ్యకు. వానాకాలంల తాడ్వాయి, మేడారం వైపు దారి ఆపేవి ఆ ఒర్రెలు కూడా. పైన అడవిల వాన దంచితే, మీరున్న చోట ఎండ కాస్తున్నా కల్వర్టు మీదికి నీళ్లొస్తయి. రోడ్డును వాగు కోసిన ప్రతి చోటా పెన్సిలుతో సున్నా చుట్టు. సున్నాలు తక్కువున్న దారి పొడుగైనా అదే మేలు. మేడారానికి పస్రా నుంచి, తాడ్వాయి నుంచి వేరే వేరే దార్లున్నయి, రెండూ గుర్తుపెట్టు.

దూరం దారంతో కొలువు. రోడ్డు వంకర్ల వెంట పరిచి, స్కేలు మీద పెట్టి, పదో వంతు కలుపు. చిన్న మలుపులు మ్యాపుల సాపైపోతయి. అడవి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లకు మించి లెక్కెయ్యకు. పొద్దున ఆరింటికి బయలెల్లితే, ఎక్కడున్నా మధ్యాహ్నం రెండింటికి బండి తిప్పాలె. పెట్రోలు ములుగులనే నింపు.

మ్యాపు పక్కన కూసున్నోళ్ల చేతిల ఉండాలె, పోయే దిక్కు పైకొచ్చేటట్టు తిప్పి పట్టుకోవాలె. దాటిన ప్రతి క్రాసుకు టిక్కు పెట్టాలె. కిలోమీటరు రాయి తల పసుపుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. రంగు మారిందంటే ఆగి చూసుకోండి.

వాగు దగ్గర అనుమానమొస్తే ఊరోళ్లను "రోడ్డుందా?" అని అడగకు. "ఇయ్యాల ఆర్టీసీ బస్సు పోయిందా?" అని అడుగు. పోలేదంటే మీరూ దిగొద్దు, నీళ్లు మోకాలి లోతే కనిపించినా సరే.

మీ పెద్దబాపు
హన్మకొండ