అడ్రస్ ఇంకెవరికీ లేకపోయినా డ్యాడ్ (డూప్లికేట్ అడ్రస్ డిటెక్షన్) ఎందుకు ఫెయిలవుతోంది?

భీమవరం ల్యాబ్‌లో రొయ్యల చెరువుల గేట్‌వేని వేరే కంపెనీ స్విచ్‌తో కలిపి పరీక్షిస్తుంటే, ఆ ఐపీవీ6 అడ్రస్ ఇంకెవరికీ లేకపోయినా డూప్లికేట్ అని చూపిస్తోందన్నారు. నా అనుమానం, గేట్‌వే పంపిన ప్యాకెట్టే తిరిగి దానికే చేరుతోందని.

డ్యాడ్ అంటే, అడ్రస్ వాడే ముందు గేట్‌వే ఒక నైబర్ సొలిసిటేషన్ (ఈ అడ్రస్ ఎవరికైనా ఉందా అని అడిగే ప్యాకెట్) పంపి, జవాబు కోసం మామూలుగా 1 సెకను ఆగుతుంది. దాని సోర్స్ ఐపీ అన్నీ సున్నాలే. కాబట్టి తిరిగొచ్చింది తనదో, అదే అడ్రస్ కోరుకుంటున్న ఇంకొకరిదో ఐపీని బట్టి తేలదు.

గేట్‌వేలోకి వచ్చే ప్యాకెట్లను మాత్రమే పట్టి సోర్స్ మ్యాక్ (పంపిన పరికరం హార్డ్‌వేర్ అడ్రస్) చూడండి. గేట్‌వేదే అయితే లూప్ ఉన్నట్టే. చెరువు గట్టు మీద పెట్టే వైర్‌లెస్ బ్రిడ్జిని కూడా కలిపి ఉంటే ముందు దాన్ని తీసి చూడండి, మల్టీకాస్ట్‌ని (ఒకేసారి చాలామందికి పంపే ప్యాకెట్లని) వెనక్కి పంపే బ్రిడ్జిలు ఉంటాయి. వేరే మ్యాక్ కనిపిస్తే చాలావరకు నిజంగానే డూప్లికేట్.

లూప్ తప్పనిసరైతే 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7527 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) అమలు చేసిన ఫర్మ్‌వేర్ కావాలి. అందులో ఇలాంటి ప్రతి సొలిసిటేషన్‌కీ నాన్స్ అనే యాదృచ్ఛిక సంఖ్య జోడిస్తారు, దాంతో పరికరం తన ప్యాకెట్‌ని తాను గుర్తుపడుతుంది. టెస్ట్ పాస్ కావడానికి డ్యాడ్‌నే ఆపేయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అసలైన డూప్లికేట్లు అప్పుడు చెరువుల దగ్గరే బయటపడతాయి.