అపొస్తలులు రోగులను ఎందుకు బాగుచేశారు?

అపొస్తలుల (యేసు పంపిన ముఖ్య శిష్యుల) కాలంలో జరిగిన స్వస్థతల ఉద్దేశం జబ్బులు పోగొట్టడమేనా అని అడిగారు. అదొక్కటే కాదు.

బైబిలులో అపొస్తలుల కార్యములు అనే పుస్తకం 3వ అధ్యాయం చూడండి. పుట్టుకతోనే నడవలేని మనిషి, 40 ఏళ్లు దాటినవాడు. రోజూ ఎవరో మోసుకొచ్చి యెరూషలేము దేవాలయంలో ‘శృంగారం’ అనే ద్వారం దగ్గర కూర్చోబెడితే అడుక్కునేవాడు. మధ్యాహ్నం 3 గంటల ప్రార్థనకు వెళ్తున్న అపొస్తలులు పేతురు, యోహానులను కూడా అడిగాడు. "వెండి బంగారములు నాయొద్ద లేవు" అంటూ పేతురు యేసు పేరున నడవమని చెప్పి, అతని కుడిచెయ్యి పట్టుకుని లేపాడు. చీలమండలకు బలం వచ్చింది. గంతులేస్తూ వాళ్లతోపాటే గుడిలోకి వెళ్లాడు.

జనం మూగగానే పేతురు అన్న మాటలోనే మీకు జవాబు ఉంది: మా సొంత శక్తితోనో భక్తితోనో ఇతన్ని నడిపించినట్టు మావైపు ఎందుకు చూస్తున్నారు? వెంటనే యేసు తిరిగి లేచిన సంగతి చెప్పాడు. అంటే ఆ స్వస్థత ఈ సందేశానికి సాక్ష్యం. ఆ మనిషి మీద జాలి కూడా అందులో ఉందనే నా నమ్మకం.

జబ్బు తగ్గనివాళ్లతో "నీకు విశ్వాసం చాల్లేదు" అనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అపొస్తలుడైన పౌలు రాసినట్టు చెప్పే పత్రికల్లోనే (బైబిలులోని ఉత్తరాల్లోనే) తన సహచరుడు త్రోఫిమును మిలేతు అనే ఊళ్లో జబ్బుతోనే వదిలి వచ్చానని ఉంది. మరో సహచరుడు తిమోతికైతే కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమనే సలహా ఉంది.