నాయనమ్మ మందుల పెట్టె బాబుకు అప్పజెప్పండి

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పిస్తున్నాం. సర్టిఫికెట్లు వచ్చాయి కానీ, సొంతంగా ఏదైనా చేసి చూపించమంటే తెల్లమొహం వేస్తాడు. ఇప్పుడేమో వారాంతాల్లో ఎలక్ట్రానిక్స్, డిజైన్ కలిపి ప్రాజెక్టులు చేయించే వర్క్‌షాప్‌లో చేరతానంటున్నాడు. చదువు దెబ్బతింటుందని వాళ్ల నాన్న భయం. మా అత్తగారికి వేళకు మందులు గుర్తుచేయడంతోనే నాకు సరిపోతోంది, వీడి పక్కన కూర్చునే తీరిక లేదు. చేర్పించమంటారా? వాడికి టెక్నాలజీ నప్పుతుందా, డిజైన్ నప్పుతుందా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలా?

జవాబు: చేర్పించండమ్మా. అయితే అంతకంటే ముందు మొదలుపెట్టదగ్గ ప్రాజెక్టు మీ ఉత్తరంలోనే ఉంది. అత్తగారికి మందుల వేళ గుర్తుచేసే పెట్టె ఒకటి తయారుచేసే పని బాబుకు అప్పజెప్పండి.

రెండేళ్లు నేర్చుకున్నా చేతికి ఏమీ రాలేదంటే ఆ లోపం బాబుది కాదు. చాలా ఆన్‌లైన్ క్లాసుల్లో సమస్య వాళ్లే ఇస్తారు, జవాబు దాకా వాళ్లే నడిపిస్తారు. పిల్లవాడు చూసి టైప్ చేస్తాడు, స్క్రీన్ మీద బొమ్మ కదులుతుంది, అక్కడితో పాఠం అయిపోతుంది. ఏం చేయాలి, ఎవరి కోసం చేయాలి, పనిచేయకపోతే ఎక్కడ వెతకాలి అన్న మూడు ప్రశ్నలూ ఎన్నడూ ఎదురుకాలేదు. మందుల పెట్టెతో మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

సామాన్లు కొనకముందే నాయనమ్మ దగ్గర కూర్చోమనండి. ఏ మాత్ర ఏ వేళకు, ఎప్పుడు మర్చిపోతున్నారు, పెట్టె ఎక్కడ పెట్టుకుంటారు, మూత తీయడం కష్టమవుతోందా? ఇవన్నీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. డిజైన్ చదువులో మొదటి పాఠం ఇదే. పెద్ద కంపెనీల్లో దీన్ని యూజర్ రీసెర్చ్ అంటారు, దీనికోసమే ప్రత్యేకంగా ఉద్యోగాలున్నాయి.

తర్వాత ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు, తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టుకునే బ్రెడ్‌బోర్డు, ఎల్ఈడీ, కరెంటును అదుపుచేసే రెసిస్టర్లు, బజర్, ఒక బటన్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. యూఎస్‌బీ తీగతో వచ్చే 5 వోల్టులతోనే అంతా నడుస్తుంది. ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులకు 220 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డం పెడితే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, దీపం చక్కగా వెలుగుతుంది. రెసిస్టర్ మరిచిపోతే ఎల్ఈడీ మాడిపోవచ్చు. ఒక్క ఎల్ఈడీ మాడిపోయినా పెద్ద నష్టమేమీ లేదు, వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుందన్న ఓమ్ నియమం మాత్రం ఇక జన్మలో మర్చిపోడు. చదువు దెబ్బతింటుందని భయపడుతున్న నాన్నగారికి ఈ లెక్క చూపించమనండి.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి. ఊనో బోర్డుకు టైమెంతయిందో తెలియదు. కరెంటు వచ్చిన క్షణం నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో లెక్కపెట్టుకోవడమే దానికి తెలుసు. తీగ ఊడిందా, లెక్క మళ్లీ సున్నా నుంచే. అంటే ఉదయం ఎనిమిదికి మోగాల్సిన పెట్టె ఏ మధ్యాహ్నమో మోగుతుంది. కోడ్‌లో తప్పు కోసం బాబు ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు. చిన్న బటన్ బ్యాటరీతో సొంతంగా నడిచే గడియారం చిప్ కావాలి. డీఎస్3231 అనే మాడ్యూల్ ఆ పని చేస్తుంది. ఈ సంగతి తనంతట తాను కనిపెట్టేదాకా ఆగండి, చెప్పేయకండి.

బటన్‌తోనూ ఒక చిక్కుంది. ఒక్కసారే నొక్కినా బోర్డు రెండు మూడు సార్లు నొక్కినట్టు లెక్కేసుకోవచ్చు. లోపల లోహపు రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి తగులుతాయి మరి. మొదటి నొక్కు తర్వాత ఓ 50 మిల్లీసెకన్లు ఏమీ పట్టించుకోవద్దని కోడ్‌లో రాస్తే కుదురుకుంటుంది.

ఇదంతా అయ్యాక పెట్టె నాయనమ్మ చేతిలో పెడతాడు. అది మోగినా ఆవిడకు వినిపించకపోవచ్చు. వయసు పైబడ్డాక మొదట తగ్గేది సన్నటి, కీచు శబ్దాల వినికిడి. చవక బజర్లు చేసేది సరిగ్గా అలాంటి కీచుమోతే. అప్పుడు బజర్ తీసేసి చిన్న స్పీకర్ పెట్టి కీచుమోతను బొంగురు మోతగా మార్చాలి, పక్కన దీపం కూడా మినుకుమనాలి. బటన్ చిన్నదైతే వేలికి దొరకదు. మోత ఆపడానికి బటన్ నొక్కేసి మాత్ర వేసుకోవడమే మర్చిపోవచ్చు కూడా. అలాంటప్పుడు బటన్ మానేసి, మూతకు చిన్న అయస్కాంతం, పెట్టెకు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) అమర్చి, మూత తెరిస్తేనే మోత ఆగేలా చేయొచ్చు. అయినా మాత్ర మింగారో లేదో పెట్టెకు తెలియదు. ఈ మాట మీరూ మనసులో పెట్టుకోండి. వాడి పెట్టె ఎంత బాగా పనిచేసినా మందుల బాధ్యత దానికి వదిలేయకండి, మీ కన్ను ఉండాల్సిందే.

ఇంత చెప్పింది మీ చివరి ప్రశ్న కోసమే. పైన చెప్పిన పనిలో టెక్నాలజీ ఎక్కడ ఆగింది, డిజైన్ ఎక్కడ మొదలైంది? విడదీయలేం. కాబట్టి పద్నాలుగేళ్లకు ఏదో ఒకటి తేల్చుకోమని ఒత్తిడి చేయొద్దు. వాడు దేని దగ్గర ఆకలి మర్చిపోయి కూర్చుంటున్నాడో గమనించండి, చాలు. సర్క్యూట్, కోడ్ దగ్గరైతే ఎలక్ట్రానిక్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్ (వస్తువుల లోపల ఇమిడి పనిచేసే చిన్న కంప్యూటర్లు) వైపు. పెట్టె ఆకారం, పట్టు, మూత దగ్గరైతే ప్రొడక్ట్ డిజైన్ వైపు. నాయనమ్మ ఎలా వాడుతున్నారన్నదే పట్టి పీడిస్తుంటే యూఎక్స్ డిజైన్, అంటే వాడేవాళ్లకు సులువుగా ఉండేలా తీర్చిదిద్దే పని. ఇంటర్ గ్రూపు ఎంచుకునే నాటికి మీ ముగ్గురికీ కొంత స్పష్టత వస్తుంది.

ఇక వర్క్‌షాప్ సంగతి. 1993లో అమెరికాలోని బోస్టన్‌లో, పేద కుటుంబాల నగర పిల్లల కోసం కంప్యూటర్ క్లబ్‌హౌస్ అని ఒకటి మొదలైంది. అప్పట్లో అక్కడున్న కంప్యూటర్ మ్యూజియం, ఎంఐటీ అనే పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయంలోని మీడియా ల్యాబ్ కలిసి పెట్టాయి. అక్కడ సిలబస్ పట్టుకుని పాఠాలు చెప్పరు. ఏం చేయాలో పిల్లలే ఎంచుకుంటారు, పక్కన పెద్దవాళ్లు తోడుంటారు. బొమ్మ దిమ్మెల్లా ఆదేశాలు పేర్చి కోడింగ్ నేర్చుకునేందుకు లక్షలాది పిల్లలు వాడే స్క్రాచ్‌ను 2007లో అందరికీ అందించిందీ ఆ మీడియా ల్యాబ్ బృందమే. మీరు చూస్తున్న వర్క్‌షాప్‌కు వెళ్లి పాత బ్యాచ్ పిల్లలు చేసినవి చూపించమనండి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న రోబోలైతే వెనక్కి వచ్చేయండి. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరుగా ఉండి, ఏది ఎందుకు పాడైందో పిల్లలే చెప్పగలుగుతుంటే ధైర్యంగా ఫీజు కట్టండి.

మార్కుల గురించి ఒక ఒప్పందం చేసుకోండి. వారాంతం వర్క్‌షాప్‌ది, పరీక్షల ముందు నెల పూర్తిగా పుస్తకాలది. తమకిష్టమైన పని నిలబెట్టుకోవడానికి పిల్లలు ఇలాంటి మాట సాధారణంగా తప్పరు.

చేసిన ప్రతిదానికీ ఫొటోలు, తేదీలు, విఫలమైన ప్రయత్నాలతో సహా నోట్‌బుక్ నడపమనండి. ఎంఐటీ లాంటి చోట దరఖాస్తుతో పాటు మేకర్ పోర్ట్‌ఫోలియో (సొంతంగా చేసినవాటి వివరాల కూర్పు) పంపే వీలుంది. డిజైన్ కాలేజీలైతే చాలాచోట్ల పోర్ట్‌ఫోలియో అడుగుతాయి. ఏఐని అడిగి కోడ్ రాయించుకున్నా తప్పులేదు, కానీ ప్రతి వరుసా ఎందుకుందో నాన్నకు వివరించగలిగితేనే దాన్ని బోర్డులోకి ఎక్కించాలి. నాన్నగారికి కోడింగ్ రాకపోతే ఇక్కడ ఇంకా మేలు.

పక్కన కూర్చునే తీరిక లేదన్నారు. 5 వోల్టుల బ్రెడ్‌బోర్డు దగ్గర మీరు కూర్చోనక్కర్లేదు. మూడు విషయాల్లో మాత్రం పెద్దవాళ్లు దగ్గరుండాలి. తీగలను లోహం కరిగించి అతికే సోల్డరింగ్ ఐరన్ మొన 300 డిగ్రీలు దాటుతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోటే వాడాలి. లిథియం బ్యాటరీని గుచ్చడం, తీగతో షార్ట్ చేయడం కూడదు. గోడ ప్లగ్గు కరెంటుతో నడిచే సర్క్యూట్ జోలికి ఇప్పట్లో అసలు వెళ్లనివ్వకండి.