పాత పెళ్లికార్డు ఫైలు క్షణంలో దొరకాలంటే

మీ అమలాపురం డీటీపీ షాపులో పాత పెళ్లికార్డు ఫైలు వెతకడానికే అరగంట పోతోందన్నారు కదండీ, ‘ఎవ్రీథింగ్’ అనే ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. విండోస్‌కి ఉచితం, వాయిడ్‌టూల్స్ వాళ్లది. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కులకి మామూలుగా ఉండే ఫార్మాట్) డిస్కులో ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి 10 లక్షల ఫైళ్లయినా సుమారు ఒక్క నిమిషంలో లెక్కకెక్కుతాయి. ఆ తర్వాత ‘ముమ్మిడి’ అని కొట్టేసరికే ముమ్మిడివరం కార్డులన్నీ వరసగా వచ్చేస్తాయి. తెలుగులో పెట్టిన పేర్లూ అంతే.

అయితే ఇది మామూలుగా చూసేది ఫైలు పేరే, లోపలి మేటర్ కాదు. అందుకే సేవ్ చేసేటప్పుడే ఊరు, ఇంటిపేరు, ముహూర్తం తేదీ పేరులో పెట్టేయండి. ఎఫ్ఏటీ32 అనే వేరే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ అయితే ఆప్షన్స్‌లో ఫోల్డర్‌గా విడిగా చేర్చాలి.

రావులపాలెంలో నాలుగు షాపులకి నేనే వేసిచ్చాను. ఇంత మంచిది మనవైపు చాలామందికి తెలియదండీ. పని జరిగితే పక్క షాపాయనకీ చూపించండి.